రెండు కాళ్లూ ఒకేసారి

జనార్ధనరావు ఆఫీసులో ఎర్ర రంగుకి చోటు లేదు. సింగపూర్ వన్-నార్త్‌లో అద్దాల భవనంలో ఆయనకి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. అక్కడ ప్రతి సోమవారం మీటింగులో ఏ పని ఎంతవరకు వచ్చిందో తెరమీద చూపిస్తారు. సవ్యంగా సాగే పని పక్కన పచ్చచుక్క, ఆలస్యమైతే పసుపు, ఆగిపోతే ఎరుపు. ఎర్రచుక్క చూపించినవాణ్ణి ఆయన తిట్టడు. తల ఒక పక్కకి వంచి, "ఇది పచ్చగా మారాలంటే నీకేం కావాలి నాన్నా?" అని అడుగుతాడు. అంతమంది ముందు ఆ గొంతు విన్నవాడికి, ఏమీ అక్కర్లేదని, చుక్క రంగు మార్చేస్తే చాలని రెండో సోమవారానికల్లా అర్థమైపోతుంది. ఇలా పచ్చచుక్కల మధ్యే తల నెరిసిన మనిషికి ఒక రేసు కారు తయారు చేయాలన్న కోరిక పుట్టింది.

అది మామూలు కారు కాదు. గంటల తరబడి ఆగకుండా సాగే పందేలకోసం కట్టే బండి. పెట్రోలు ఇంజనుతో పాటు దానికి బ్యాటరీ, మోటారు కూడా ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలో దాచుకుని, మలుపు దాటాక మళ్లీ చక్రాలకి అందిస్తుంది. హైబ్రిడ్ ప్రోటోటైప్ అంటారు. పందెం కోసమే పుట్టి పందెంలోనే చచ్చే జాతి. దానికి జనార్ధనరావు ఇంద్రుడి గుర్రం పేరు పెట్టాడు, ఉచ్చైశ్రవం అని. మలేసియాలో మొదటి రేసునాడు మైకులో వ్యాఖ్యాత ఆ పేరును నమలలేక మొదటి రెండక్షరాలతో సరిపెట్టుకున్నాడు. బండి తిరిగినంతసేపూ ఆ రెండక్షరాలే మైదానమంతా మారుమోగాయి. మా తెలుగు మెకానిక్కులు చేతిగుడ్డలు నోట్లో కుక్కుకున్నారు. జనార్ధనరావు మాత్రం కెమెరా వైపు చేయి ఊపుతూనే ఉన్నాడు. రెండో గంటలో బ్యాటరీ వేడెక్కి బండి ఆగిపోయింది. "అనుభవం గెలిచాం" అని ఆయన ఫేస్‌బుక్‌లో రాసుకున్నాడు.

బూన్ లేలో ఉన్న ఆ బండి షెడ్డులో నేను సామాన్ల గది చూసుకునేవాణ్ణి. ఓడలు కట్టే కంపెనీలో కొనుగోళ్ల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నా భార్య వసుంధర పోయాక, క్లెమెంటిలోని మా ఫ్లాట్‌లో ఒక గది ఖాళీగా ఉండటం చూడలేక అద్దెకిచ్చాను. అలా వచ్చిన అమ్మాయి స్పందన, విజయనగరం పిల్ల. ఇక్కడి యూనివర్సిటీలో బ్యాటరీల మీద పరిశోధన ముగించి, ఈ కారు కరెంటు వ్యవహారమంతా చూసే ఇంజనీరుగా చేరింది. ఏ బోల్టు ఎక్కడుందో చెప్పే దిక్కు లేదు, మీరు రండి అంకుల్ అని తనే నన్ను షెడ్డుకి తీసుకెళ్లింది. పొద్దున ఇద్దరం ఒకే రైల్లో వెళ్లేవాళ్లం. ఒక్క సీటు దొరికితే నన్ను కూర్చోబెట్టి, స్తంభాన్ని పట్టుకుని నిలబడే నిద్రపోయేది. పక్క షెడ్డులో పడవ ఇంజన్లు బాగుచేసే చైనా పెద్దాయన మధ్యాహ్నం పూట తన పెద్ద ఫ్యాను మా వైపు తిప్పేవాడు. ఎవరూ అడగలేదు ఆయన్ని. ఆ షెడ్డులో నాకు నచ్చినవి ఇలాంటివే.

మిగతాది చెప్పుకోవాలంటే, పరీక్షలకోసం సరిహద్దు దాటి మలేసియా వెళ్లి ట్రాక్ అద్దెకి తీసుకునేవాళ్లం. పొద్దున్నే బండి సిద్ధంగా ఉండేది. డ్రైవరు సిద్ధంగా ఉండేవాడు. రాహుకాలం పోవాలని జనార్ధనరావు అందరినీ కూర్చోబెట్టేవాడు. రాహుకాలం పోయేసరికి ఎండ మండిపోయేది. ఆ తర్వాత భోజనాలు. భోజనాలయ్యేసరికి ఆ దేశపు వాన, తాళం తీసినట్టు కురిసేది. వానలో ఖరీదైన బండిని బయటికి తీయకూడదని ఆయన నియమం. ఈ రకంగా ఆ బండి ఒక్కసారి కూడా తడవకుండా పెరిగింది. రోజూ వాన పడే చోట.

తడి సంగతి ఎందుకంటే, ఆ బండికి కరెంటంటే మాటలు కాదు. ఇంట్లో స్విచ్చుబోర్డులో ఉండేదానికి మూడు రెట్లకి పైన. తీగల మీది తొడుగులోకో, అతుకుల్లోకో చెమ్మ దిగితే ఆ కరెంటు బండి ఒంట్లోకి పాకుతుంది. రాజమండ్రిలో మా పాత ఫ్రిజ్ అలాగే ఉండేది, వానాకాలంలో ముట్టుకుంటే జివ్వుమనేది. వసుంధర దాని ముందు చెక్కపీట వేసి, పీట మీద నిలబడి పాలగిన్నె తీసేది. నన్ను మాత్రం ఆ పీట మీదున్నా ముట్టుకోనిచ్చేది కాదు.

రేసు కారులో పీట వేసే వీలు లేదు కాబట్టి, డ్రైవరు తల వెనక చిన్న దీపం పెడతారు. అది పచ్చగా ఉంటే బండిని ముట్టుకోవచ్చు. ఎర్రగా ఉంటే ఎవరూ దగ్గరికి రాకూడదు. లోపలున్న డ్రైవరు బండి అంచుమీదకెక్కి, రెండు కాళ్లూ ఒకేసారి నేలకి తగిలేలా దూరంగా దూకాలి. ఒక కాలు నేలమీద, ఒక చెయ్యి బండిమీద ఉంటే కరెంటుకి దారి దొరుకుతుంది. అంతే. చెమ్మకి తీగల తొడుగు బలం ఎంతకంటే కిందికి పడితే దీపం ఎర్రబడాలో స్పందన ఒక అంకె నిర్ణయించి లోపలి కంప్యూటర్లో పెట్టింది.

రెండో రేసు థాయ్‌లాండ్‌లో. చివర్లో వాన పడింది, దీపం ఎర్రబడింది. డ్రైవరు అనిరుధ్ బండి పక్కకి ఆపి, స్పందన నేర్పినట్టే కప్పలా దూకాడు. అనిరుధ్ ఎవరో కాదు, జనార్ధనరావు కొడుకు. సింగపూర్‌లోనే పుట్టి పెరిగినవాడు, మాట చివర ఇక్కడివాళ్లలాగే 'లా' అనో, సరేనా అనడానికి 'కెన్' అనో తగిలిస్తాడు. మంచివాడు, బాగా తోలతాడు. తండ్రి డబ్బుతో తోలుతున్నానన్న సిగ్గు ఎప్పుడూ మొహంలో కనిపిస్తుంది. అప్పటిదాకా తిరిగిన చుట్లు లెక్కేస్తే తొమ్మిది బండ్లలో మాది ఏడోది. దూకుతున్న అనిరుధ్ ఫోటో, వెనక ఎర్రదీపంతో సహా, అక్కడి పేపర్లో పడింది.

ఆ సోమవారం మీటింగు షెడ్డులోనే పెట్టాడు జనార్ధనరావు. పక్కన ఆయన మేనల్లుడు నవనీత్. ప్రాజెక్టు మేనేజరు. బండి గురించి ఏమీ తెలియకపోవడాన్ని ఒక అర్హతగా మోసుకు తిరిగే మనిషి.

"స్పందనా, ఆ దీపం పచ్చగా ఉండాలంటే నీకేం కావాలమ్మా?" అన్నాడు జనార్ధనరావు.

"రెండు వారాలు కావాలి సార్. అతుకులన్నీ విప్పి, ఆరబెట్టి, మళ్లీ సీలు వేయాలి. చెమ్మ లోపలికి పోతోంది."

"రెండు వారాలంటే ఆరు గంటల రేసు పోతుంది. బండిని ఎక్కించాల్సిన కంటైనర్ వెళ్లిపోతుంది." నవనీత్ కుర్చీలో ముందుకి జరిగాడు. "మావయ్యా, నేను కనుక్కున్నాను. అదంతా ఒక లిమిట్. ఆ నంబరు తగ్గిస్తే అంత తొందరగా రెడ్ రాదు. ఓవర్ సెన్సిటివ్‌గా పెట్టారు."

"నవనీత్, మీ ఇంట్లో పొగ వస్తే అలారం పీకేస్తారా?" అంది స్పందన.

"పోపు పొగకే మోగితే పీకేస్తాం మరి."

"ఆ అంకె నేను మార్చను సార్. లోపల కూర్చునేది అనిరుధ్."

జనార్ధనరావు నవ్వాడు. ఆ నవ్వు నేను ఎన్నో సన్మానసభల్లో చూశాను. శాలువా కప్పేటప్పుడు నవ్వేది. "వాడు నా కొడుకమ్మా. వాడి మీద నాకుండదా ప్రేమ? నీ వర్క్ పాస్ మీద, నీ కెరీర్ మీద కూడా నాకు ప్రేమే. ఆలోచించుకో." ఆ పాస్ ఉంటేనే ఈ దేశంలో ఉద్యోగం, అది ఆయన కంపెనీ ఇప్పించిందే.

మెకానిక్ తిరుమలేష్ నా గదిలోకొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కరీంనగర్ మనిషి. "గిదేంది కేశవరావు సార్? లైటు బుగ్గ రంగు మారిస్తే కరెంటు పారిపోతదా? గీయన దవాఖాన పెట్టకపోవుడే మంచిదైంది. జొరమొస్తే థర్మామీటర్ ఇరగ్గొడుతుండె."

కంటైనర్లోకి ఎక్కించే ముందు బండికి పూజ చేయించాలని జనార్ధనరావు నిశ్చయించాడు. పూజంటే నాకు చిన్నచూపు లేదు. వసుంధర మా మొదటి స్కూటర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినప్పుడు కళ్లు మూసుకుని ఏదో అనుకుంది. ఏమనుకుందో చెప్పలేదు. ఆ స్కూటర్ మమ్మల్ని ఎప్పుడూ పడేయలేదు. ఇక్కడ పూజకి మాత్రం ఫోటోగ్రాఫర్లు ముగ్గురు, పెట్టుబడి పెట్టబోయేవాళ్లు రెండు వరసలు, కేటరింగు. బండి పక్కభాగంలో చార్జింగ్ కోసం ఒక నోరు ఉంటుంది. దాని మూత తీసి నాకిచ్చేశాడు నవనీత్. లోపలి నారింజ రంగు తీగలు వచ్చినవాళ్లకి కనబడాలట.

"మూత లేకుండా ఉంచకూడదని స్పందన చెప్పింది బాబూ," అన్నాను.

"అంకుల్, మీరు స్టోర్స్ చూసుకోండి చాలు. ఆ రబ్బరు గ్లవ్సు, ఆ కర్ర కూడా లోపల దాచేయండి, ఫోటోల్లో అసహ్యంగా ఉంటాయి."

ఆ కర్ర ఫైబరుది, మనిషి ఎత్తు, చివర పెద్ద కొక్కెం. కరెంటు పట్టుకున్న మనిషిని బయటికి లాగడానికి. రెండూ దాచాను. తాంబూలాల బల్ల కింద, చెయ్యి చాస్తే అందేచోట.

స్పందనకి ఆవేళ ఇచ్చిన పని గుమ్మం దగ్గర పన్నీరు చల్లడం. పట్టుచీర కట్టుకుని రమ్మన్నారు. డాక్టరేటు చేసిన అమ్మాయి వెండి బుడ్డి పట్టుకుని నిలబడింది. అతిథులు రాకముందు లాప్‌టాప్ తెరిచి చూసుకుని, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"అంకుల్, రాత్రి నంబరు మార్చేశారు. పదో వంతుకి తగ్గించారు. నా పాస్‌వర్డ్ కూడా మార్చేశారు, వెనక్కి పెట్టడానికి లేదు. ఇంక ఆ లైటు ఏమైనా సరే పచ్చగానే ఉంటుంది."

"జనార్ధనరావుగారితో చెప్పావా?"

"చెప్పాను. 'శుభకార్యం పూట అశుభం పలక్కమ్మా' అన్నారు."

అప్పుడే అనిరుధ్ రేసు దుస్తుల్లో వచ్చాడు, మెడలో తల్లి వేసిన సన్నజాజుల దండతో. స్పందన దాచకుండా చెప్పింది. ఎక్కొద్దు అంది.

అతను తండ్రి వైపు చూశాడు. అక్కడ జనార్ధనరావు పట్టుపంచె, జరీ కండువాతో ఒక బ్యాంకు ఆవిడకి తీగల రంగు వర్ణిస్తున్నాడు. "ఎక్కకపోతే డాడీ అందరి ముందు ఏడుస్తారు. సీరియస్‌లీ, హీ విల్ క్రై. జస్ట్ టెన్ మీటర్స్ లా. నిమ్మకాయలు తొక్కించి దిగిపోతా. ఎలా దిగాలో చెప్పు."

"లైటు చూడకు. ఏ రంగున్నా చూడకు. థాయ్‌లాండ్‌లో దూకినట్టే దూకు."

"గ్రీన్ ఉన్నా?"

"గ్రీన్ ఉన్నా."

"అందరూ నవ్వుతారు."

"నవ్వనీ."

పురోహితుడు మంత్రాలు చదివాడు, పసుపు కుంకుమ పెట్టాడు, హారతిచ్చాడు. పాపం ఆయన కొబ్బరికాయ నేలమీద, బండికి దూరంగా, శుభ్రంగా కొట్టాడు. ఆయన చేతిలోంచి చిప్పలు తీసుకున్నది జనార్ధనరావు. ఫోటోగ్రాఫర్ "సార్, ఇటు" అనగానే ఆయనకి భక్తి పొంగింది. మరో మూడు కాయలు కొట్టించి, నీళ్లన్నీ వెండి చెంబులో పట్టించి, అభిషేకం అంటూ బండి నాలుగు పక్కలా పోశాడు. ఏ పూజలోనూ నేను చూడని తంతు అది. పురోహితుడు "అయ్యా, అయ్యా" అంటూ వెనకాల తిరిగాడు. మూత లేని ఆ నోట్లోకి కొబ్బరినీళ్లు గుటగుటా దిగడం నేను చూశాను. గుమ్మం దగ్గర స్పందన కూడా చూసింది. పన్నీరు బుడ్డి పక్కన పెట్టేసింది.

అప్పటికే అనిరుధ్ లోపల కూర్చున్నాడు. "ఆపండి!" అని ఆ పిల్ల అరిచిన అరుపు సన్నాయిలో కలిసిపోయింది. బండి పెట్రోలు ఇంజను చప్పుడు లేకుండా, ఒట్టి మోటారు మీద, పిల్లిలా కదిలి నిమ్మకాయల్ని నలిపి ఆగింది. దీపం పచ్చగా, నిశ్చలంగా వెలుగుతోంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"దిగు నాన్నా, పెద్దలకి దండం పెట్టు," అన్నాడు జనార్ధనరావు.

అనిరుధ్ లేచి అంచుమీద గొంతుకూర్చున్నాడు. మెడలోని దండ తీసి లోపల పడేశాడు. నేను బల్ల కిందికి వంగాను. గ్లవ్సు, కర్ర పరిగెత్తుకొచ్చిన స్పందనకి అందేసరికి అనిరుధ్ గాల్లో ఉన్నాడు. రెండు కాళ్లూ ఒకేసారి నేలకి తగిలాయి. నలిగిన నిమ్మకాయ మీద పడి జారి, ముందు వరసలో ఉన్నవాళ్ల కాళ్ల దగ్గర బోర్లా పడ్డాడు.

షెడ్డంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నవనీత్.

జనార్ధనరావు మొహం నల్లబడింది. "ఏంట్రా ఈ కోతి వేషాలు? పచ్చలైటు కనబడట్లా?" అంటూ, బండి ఎంత నమ్మకమైనదో లోకానికి చూపించడానికి, అరచెయ్యి చాచి దానివైపు నడిచాడు. మడి కట్టినందుకు ఒట్టి కాళ్లు. కింద కొబ్బరినీళ్లు.

"ముట్టుకోకండి!"

ఆయన ఆగలేదు. ఈ అమ్మాయి మాటకి ఆయన ఎప్పుడు ఆగాడు గనక. పట్టుచీర, మోచేతుల దాకా నారింజ రంగు రబ్బరు గ్లవ్సు, చేతిలో కర్ర. స్పందన ఆ కొక్కేన్ని ఆయన జరీ కండువాకి తగిలించి ఒక్క లాగు లాగింది. కండువా భుజాలకి ముడేసి ఉండటంతో మనిషి కూడా వచ్చాడు. ఆయన వెనక్కి తూలి కేటరింగువాళ్ల పులిహోర బల్ల మీద కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. స్పందన మీటరు తీసి ఒక ముల్లు బండి ఒంటికి, ఒకటి తడినేలకి ఆనించింది. అంకె గబగబా పెరిగి ఆగింది. ముందు వరసలో ఉన్నవాళ్లు మెడలు చాచి చూశారు. కాత్యాయని అని, బ్యాంకు తరఫున వచ్చిన ఆవిడ, అనంతపురం మనిషి, మొదట నోరు తెరిచింది.

"ఇంత కరెంటుందే బండికి! మరి ఆ లైటు పచ్చగా ఎందుకుందండీ?"

జనార్ధనరావు పులిహోరలోంచి లేచాడు. పంచెకి పోపుగింజలు. ఆ మనిషిని నేను ఎంత తక్కువ చేసినా ఒక్కటి ఒప్పుకోవాలి, ఆయనకి నోరు తడబడదు.

"డెమో!" అన్నాడు రెండు చేతులూ ఎత్తి. "ఇదే మా సేఫ్టీ డెమో! లైటు తప్పయినా మా టీమ్ తప్పు చేయదు. స్పందనా, బాగా చేశావమ్మా!" అని చప్పట్లు కొట్టాడు. ఇంకా కొందరు కొట్టారు. చదువుకున్నవాళ్లు, పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. కాత్యాయని కొట్టలేదు. తిరుమలేష్ కొక్కెం కర్రతో బండి బయటున్న రింగు లాగి కరెంటు కట్ చేశాడు.

అనిరుధ్ మోకాలి మీద నిమ్మగుజ్జు తుడుచుకుంటూ లేచాడు. తండ్రి దగ్గరికి వెళ్లి, గుసగుసగా కాకుండా, మామూలు గొంతుతో అన్నాడు. "డాడ్, నంబర్ వెనక్కి పెట్టించండి. స్పందన ఓకే అనేదాకా నేను లోపల కూర్చోను. మీరు కూర్చోండి, కెన్?"

జనార్ధనరావు కొడుకు మొహంలోకి చూశాడు. తర్వాత తన అరచేతి వైపు చూసుకున్నాడు. ఆ ఒక్క క్షణం ఆయనకి అర్థమైందని నాకనిపించింది. ఫోటోగ్రాఫర్ "సార్, ఇటు" అన్నాడు. ఆయన ఇటు తిరిగాడు.

కంటైనర్ మా బండి లేకుండా వెళ్లిపోయింది. నంబరు వెనక్కి వచ్చింది. ఆ పని నవనీత్ చేతే చేయించారు, "ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్" అనే పేరుతో. అతనికి ప్రమోషన్ కూడా వచ్చింది. స్పందన పాస్ గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అనిరుధ్ తో వంతులవారీగా తోలే మిగిలిన డ్రైవర్లు కూడా ఆమె చెప్పనిదే ఎక్కేది లేదన్నారు, జనార్ధనరావుకి వేరే దారి లేదు. బండి ఒళ్లంతా విప్పి, కొబ్బరినీళ్ల జిగట కడిగి, అతుకులు ఆరబెట్టి సీలు వేయడం మొదలుపెట్టారు. మర్నాడు నేను వసుంధర చెక్కపీట ఇంటినుంచి సంచీలో పట్టుకెళ్లాను. రబ్బరు చాప ఉందని తెలుసు. అయినా పట్టుకెళ్లాను. స్పందన దాన్ని అందుకుంది. చాప మీద పీట వేసుకుని, దానిమీద నిలబడి పని చేసింది. వారం తర్వాత జనార్ధనరావు అటుగా వచ్చి, "ఈ పీటేంటి, ఏ దేవుడిది?" అని అడిగి, ఎవరూ జవాబు చెప్పకముందే దానికీ బొట్టు పెట్టించాడు.

తర్వాతి రేసు మళ్లీ మలేసియాలో. వాన వస్తుందని అందరికీ తెలుసు, వచ్చింది. సీలు వేసిన అతుకులన్నీ గట్టిగానే నిలిచాయి. వెనక చక్రం దగ్గర ఒక్కటి నిలవలేదు. దీపం ఎర్రబడింది. అనిరుధ్ బండి ఆపి దూకాడు. ఈసారి జారలేదు. బండిని పక్కకి లాగి, ఆ ఒక్క అతుకు మార్చి పంపేసరికి ఊరంతా మమ్మల్ని దాటిపోయింది. పందెం ముగించినవాళ్లలో మాది చివరి బండి. షెడ్డు గోడ మీద జనార్ధనరావు కట్టించిన ఫ్లెక్సీలో "భద్రతలో ప్రథమ స్థానం" అని ఉంది. అలాంటి పోటీ అక్కడ ఎవరూ పెట్టలేదు. ఫ్లెక్సీలో ఆయన ఫోటో పెద్దది, అనిరుధ్‌ది చిన్నది, స్పందనది లేదు.

బండి ఆగిన ఆ సాయంత్రం అనిరుధ్ వానలో తడుస్తూ మా దగ్గరికి నడిచొచ్చి, "అంకుల్, టీ ఉందా?" అని అడిగాడు. ఫ్లాస్కులో కొంచెం మిగిలింది. అతనూ, స్పందనా, నేనూ ముగ్గురం మూతలో పోసుకుని తాగాం.

సోమవారం పొద్దున బూన్ లే వెళ్లే రైల్లో పక్కపక్కనే రెండు సీట్లు దొరికాయి. స్పందన కూర్చునే నిద్రపోయింది.